పుస్తకాల చీటీ

నాకు నోరెక్కువని మా బ్రాంచిలో అందరూ అంటారు, నా ఎదుట కాదు. ఎదుట అనగలిగిన ధైర్యం మా అత్తగారికి ఒక్కరికే ఉంది. ఆవిడ కూడా సూటిగా అనరు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు" అని గోడ మీద క్యాలెండరుతో చెబుతారు. మా గోదావరి వైపు తీరే అంత. తిట్టయినా సరే, చివర ఒక అండీ తగిలించి, వినేవాళ్ళకి మంచినీళ్ళిచ్చి మరీ తిడతారు. నేనూ అండీ అంటాను. కాకపోతే తిట్టు మానను.

మాది చిట్‌ఫండ్ కంపెనీ. ఏలూరు ఆర్.ఆర్. పేటలో, మందుల షాపు పైన మేడ మీద మా బ్రాంచి. నేను క్యాషియర్ని. చీటీ పాట సంగతి మా వైపు పాలవాడికి కూడా తెలుసు. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్కలో చెబుతాను. అందరూ నెలనెలా కడతారు, ఆ నెల మొత్తం ఒకరికి వెళ్తుంది. ఎవరికన్నది పాటలో తేలుతుంది. ఎవరు ఎక్కువ వదులుకుంటానని పాడితే చీటీ వాళ్ళది. ముందే పాడుకున్నవాళ్ళు పూచీకి మనుషుల్ని తెచ్చుకోవాలి. ఆఖరున మిగిలినవాళ్ళకి పాటా లేదు, పూచీ లేదు, నడుచుకుంటూ వచ్చి తీసుకుపోవడమే.

మా పుస్తకాల చీటీ కూడా అలాంటిదే. లంచ్‌లో నవలల మాట వస్తే, "నేను చెప్పింది చదవండి" అని ప్రతివాళ్ళూ అనడమే గాని, పక్కవాళ్ళు చెప్పింది చదివినవాళ్ళు లేరు. అప్పుడు మా మేనేజరు జోగారావుగారు, "దీనికి గొడవెందుకండీ, చీటీ వేసుకుందాం" అన్నారు. ఇరవయ్యేళ్ళుగా చీటీలు నడుపుతున్న మనిషికి అంతకన్నా ఏం తోస్తుంది? నెల మొదట్లో పాట. లంచ్ టైములో ఎన్ని పేజీలు అందరికీ పైకి చదివి వినిపిస్తారో పాడాలి. ఎక్కువ పేజీలు పాడినవాళ్ళ నవల ఆ నెల అందరూ చదవాలి. ఇద్దరు ఆ పుస్తకం మీద చెయ్యి వేసి "పూచీ నాది" అనాలి. నెలాఖరు శుక్రవారం కూర్చుని మాట్లాడుకున్నాక పుస్తకం బాగోలేదని తేలితే, పూచీ పడ్డవాళ్ళు అందరికీ మిరపకాయ బజ్జీలు తేవాలి. చీటీ నడిపించే ఫోర్‌మన్ జోగారావుగారే.

నేను ఇంతవరకూ ఎవరి పుస్తకానికీ పూచీ పడలేదు. "మంచివాడే కదండీ అని సంతకం పెట్టాను" అంటూ మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళ ముఖాలు ఇన్నేళ్ళూ చూశాను. తోడబుట్టినవాడి పుస్తకానికైనా పూచీ పడేది లేదని మొదటి నెలలోనే చెప్పేశాను. పైగా ఎవరి పుస్తకాన్నీ వదిలిపెట్టలేదు. కంప్యూటర్ దగ్గర కూర్చునే నాగదుర్గ ప్రేమ నవల తెస్తే, ఆ హీరోకి ఉద్యోగం సద్యోగం ఏమీ లేదా అని అడిగాను. జోగారావుగారి చారిత్రక నవలలో గుర్రాలు తప్ప మనుషులు లేరన్నాను. వసూళ్ళకి తిరిగే బాపిరాజుగారికైతే నేను చెప్పాల్సిన పనే లేదు. ఏ పుస్తకమూ ఆఖరిదాకా చదవని మనిషి ఆయన. తను తెచ్చిన డిటెక్టివ్ నవలలో హంతకుడెవరో నేను చెబితే తెలిసింది ఆయనకి.

ఆఖరున మిగిలింది సిల్వియా. డాక్యుమెంట్లు చూసే అమ్మాయి. రోజూ తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వస్తుంది, ఎవరేమన్నా నవ్వుతుంది, పాటలో మాత్రం ఎన్నడూ నోరు తెరవలేదు. పైకి చదవడం సిగ్గేమో అనుకున్నాం. తన వంతు వచ్చిన రోజున ఒక గుడ్డ సంచీ తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో అందరికీ తలొక కాపీ. ఒకే పుస్తకం. "నాంచారి తాటిదోనె", రచన కె. నిర్మల. అట్ట మీద నీళ్ళు, ఒక దోనె, దూరంగా కొంగలు. కాగితం ముదురు పసుపు రంగుకి తిరిగిపోయింది.

"మా అమ్మ రాసిందండీ" అంది.

"అబ్బో! ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండీ" అని అందరం ఒకేసారి అన్నాం.

"ఈసారి మీటింగుకి అమ్మ కూడా వస్తుందండీ. మీరు ఎప్పుడూ ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడాలి. అందుకే వస్తానంది."

ఆ సాయంత్రం నేను క్యాష్ మూసి తాళాలు వేస్తుంటే కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"కుసుమగారూ, మీకొక మాట చెప్పాలండీ. అమ్మ రిటైరయ్యాక రెండో నవల మొదలుపెట్టింది. నాలుగు చాప్టర్లు రాసి ఆపేసింది. ఎందుకమ్మా అంటే, 'మొదటిది ఎలా ఉందో పాతికేళ్ళలో ఒక్కరూ చెప్పలేదే. బాగుందన్నారంతే. నాకు రాయడం వచ్చో రాదో తెలీకుండా ఇంకోటి ఎలా రాయను?' అంటుంది. మీ మీటింగు అయ్యాక తేల్చుకుంటానంది. లేదంటే ఆ కాగితాలు నీళ్ళ కాగు కింద పెట్టేస్తుందట. అమ్మ అన్నదంటే చేస్తుందండీ."

"నాకెందుకు చెబుతున్నావు?"

"మీరు ఉన్నదున్నట్టు చెబుతారు కదండీ" అని, రైలు టైమైందని పరుగెత్తింది.

నాకు కాస్త గర్వంగానే అనిపించింది. మెట్లు దిగేసరికి ఆ గర్వం పోయింది. పుస్తకం బాగోకపోతే?

ఆదివారం పొద్దున్న రొయ్యల్లో చింతచిగురు వేసి, పొయ్యి మీద పెట్టి, పుస్తకం తెరిచాను. నా కాపీలో కొన్ని పేజీలు పైకొస దగ్గర అతుక్కునే ఉన్నాయి. ప్రెస్సులో కోయడం మరిచిపోయారు. అంటే పాతికేళ్ళుగా ఆ కాపీని ఎవరూ విప్పలేదన్నమాట. కూరలు తరిగే చాకు తెచ్చుకుని, కోసుకుంటూ చదివాను.

కథ కొల్లేటి సరస్సు మధ్య ఒక లంకలో. నాంచారి అనే ఆవిడ రోజూ తాటిమొద్దు తొలిచి చేసిన దోనెలో పిల్లల్ని అవతలి ఒడ్డున ఉన్న బడికి దాటిస్తుంది. ఊరి పెద్ద ఆ నీటిదారికి అడ్డంగా గట్టు పోసి చేపల చెరువు తవ్విస్తాడు. పిల్లలు చుట్టూ తిరిగి పోవాలి, వర్షాకాలమైతే ఆ దారీ ఉండదు. నాంచారి ఊరుకోదు. గట్టు దాకా దోనె నడిపి, అక్కడ పిల్లల్ని దించి, దోనెని గట్టు మీదుగా లాగి, అవతల మళ్ళీ నీళ్ళలో వేసి వాళ్ళని ఎక్కించుకుంటుంది. ప్రతిరోజూ అంతే. ఊరు వెలేస్తానంటుంది. చుట్టాలు బతిమాలతారు. ఆవిడ దోనె లాగుతూనే ఉంటుంది. చదువుతుంటే నా అరచేతులు మండాయి. ఎంత బాగా రాసిందీ మహాతల్లి అనుకున్నాను. మాడు వాసన నాకు తెలియలేదు. మా ఆయన వంటింట్లోకి వచ్చి, నా చేతిలో పుస్తకం చూసి, పొయ్యి ఆర్పి వెళ్ళిపోయారు.

అప్పుడు ఆఖరి చాప్టరు వచ్చింది. నాంచారి ఊరి పెద్ద వాకిట్లోకి వెళ్ళి చేతులు జోడించి "తప్పైపోయింది బాబూ, పెద్దలకి ఎదురు తిరిగాను" అంటుంది. ఆయన పెద్దమనసుతో క్షమిస్తాడు. దోనె కట్టెల కింద పోతుంది. ఊరంతా కలిసి భోజనాలు చేస్తారు. సమాప్తం. పుస్తకాన్ని మంచం మీదికి విసిరికొట్టాను. మా అత్తగారు క్యాలెండరుతో ఏదో అన్నారు. ఏమిటో నేను వినలేదు.

మీటింగుకి రెండు రోజుల ముందు జోగారావుగారు నన్ను క్యాబిన్‌లోకి పిలిచారు. తలుపు వేశారు. కుర్చీ చూపించారు. మంచినీళ్ళు కూడా ఇచ్చారు. దాంతోనే నాకు అర్థమైపోయింది.

"కుసుమగారూ, ఈ ఒక్కసారికీ నోరు కాస్త అదుపులో పెట్టుకుంటారాండీ?"

"పుస్తకం చదివారా మీరు?"

"చదివానండీ. ఆఖర్న కొంచెం... సరే, ఇప్పుడదంతా ఎందుకు. పెద్దావిడ. ఎంతోమందికి చదువు చెప్పిన టీచరుగారు. మన గడప తొక్కిన మనిషిని మాటలనడం మర్యాద కాదు కదండీ."

"ఉన్నదున్నట్టు చెప్పమని సిల్వియాయే అడిగింది."

"అడుగుతుందండీ, చిన్నపిల్ల. నాతోనూ అంతా చెప్పింది. మీరొక మాట తూలితే, ఆవిడ ఇంటికెళ్ళి ఆ నాలుగు చాప్టర్లూ కాగు కింద పెట్టేశారనుకోండి. ఆ పాపం ఎవరిదండీ?"

కోపంగా ఉన్న కస్టమర్లకి భయపడను, రీజనల్ ఆఫీసు నుంచి వచ్చే ఆడిటర్లకి భయపడను. ఆ ప్రశ్నకి భయపడ్డాను. తల ఊపాను.

"అందరికీ చెప్పేశానండీ, మీరొక్కరే మిగిలారు" అన్నారాయన, కొత్త చీటీ గ్రూపు నిండినంత సంతోషంగా. "సిల్వియాకి మాత్రం తెలియనివ్వకండి."

శుక్రవారం లంచ్ టైముకి నిర్మలగారు వచ్చారు. సన్నటి మనిషి, నీలం అంచు నేతచీర, దళసరి కళ్ళద్దాలు. చేతిలో పెద్ద స్టీలు డబ్బా నిండా చేగోడీలు. అందరికీ పేరుపేరునా నమస్కారం పెట్టి, డబ్బా మధ్యలో పెట్టి, బ్యాగులోంచి తెల్లకాగితం, పెన్ను తీశారు. కాగితాన్ని అట్ట మీద పెట్టుకుని, పెన్ను మూత తీసి, పరీక్ష రాయడానికి వచ్చిన పిల్లలాగా మా వైపు చూశారు. సిల్వియా ఆవిడ పక్కనే కుర్చీ అంచున కూర్చుంది.

నాగదుర్గ మొదలుపెట్టింది. "చాలా బాగుందండీ మేడం. ఏకబిగిన చదివేశాను."

"ఎక్కడ బాగుందమ్మా?"

"అంతా బాగుందండీ."

నిర్మలగారు పెన్ను కాగితం దాకా తెచ్చి ఆపేశారు.

బాపిరాజుగారు గొంతు సవరించుకున్నారు. "కొల్లేరు కళ్ళకి కట్టినట్టుందండీ. మరండీ, ఆ అట్ట మీద బొమ్మ. కొంగలవీ. అది కూడా ఎంతో బాగుందండీ."

"అది ప్రెస్సువాళ్ళు వేసుకున్నదండీ" అన్నారావిడ మెల్లగా.

ఇక జోగారావుగారు లేచి నిలబడ్డారు. ఇలాంటి రచయిత్రి మా మధ్యకు రావడం మా అదృష్టమన్నారు. ఆవిడ కలం నుంచి ఇటువంటి ఆణిముత్యాలు మరెన్నో జాలువారాలన్నారు. అని, సొరుగు లాగి, అందులోంచి శాలువా తీశారు. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. మెరూన్ రంగు, జరీ అంచు, ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది.

నిర్మలగారు ఆ శాలువా వైపు చూశారు.

"ఇంట్లో ఒకటుందండీ. పుస్తకం విడుదలైన రోజున కప్పారు. కప్పినాయన కూడా చదవలేదు" అన్నారు.

కవరు చప్పుడు ఆపడానికి జోగారావుగారు శాలువాని గుండెలకి హత్తుకుని నిలబడ్డారు. సిల్వియా మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. దానికి అర్థమైపోయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తల దించేసుకుంది. ఎప్పుడూ నవ్వే పిల్ల అలా అయిపోయేసరికి నాకు ఎవరినైనా కొట్టాలనిపించింది. ముందు జోగారావుగారిని, తర్వాత నన్ను.

నిర్మలగారు నా వైపు తిరిగారు. "మీరేనా కుసుమగారు? మా అమ్మాయి ఇంటికొచ్చి రోజూ మీ కబుర్లే చెబుతుందండీ. గుర్రాలు తప్ప మనుషులు లేరన్నది మీరేగా?"

జోగారావుగారికి దగ్గొచ్చింది.

"మీరేమీ అనలేదేంటండీ?"

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పరిస్థితి. ఒకవైపు కాగు కింద మంట కనిపిస్తోంది, ఇంకోవైపు ఆ దళసరి అద్దాల వెనక కళ్ళు కనిపిస్తున్నాయి. నా నోటి నుంచి ఎప్పుడూ రానంత మెత్తగా, "బాగుందండీ" అన్న మాట వచ్చేసింది.

ఆవిడ తల ఊపారు. ఒక్క అక్షరం పడని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకున్నారు. "సంతోషమండీ. మీ అందరి అభిమానం" అంటూ చేగోడీల డబ్బాకి మూత పెట్టబోయారు. మూత పట్టడం లేదు. తిప్పి మళ్ళీ పెట్టారు, మళ్ళీ జారింది. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకాలే కోపమొచ్చింది. కోపమొచ్చాక ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు.

"ఆగండి" అన్నాను. "బాగోలేదండీ. ఆఖరి చాప్టరు అస్సలు బాగోలేదు."

"కుసుమగారూ!" అన్నారు జోగారావుగారు, శాలువా వెనకనుంచి.

"మీరు ఆగండి సార్. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలంటారు. ఇప్పటికే ఆలస్యమైంది." నేను లేచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. "ఏవండీ, ఆ నాంచారి ఎవరి మాటైనా విన్నదా? చుట్టాలు చెబితే విన్నదా? ఊరు వెలేస్తానంటే విన్నదా? జ్వరంతో ఉండి కూడా దోనె గట్టు మీదుగా లాగిందే, ఆ పేజీ చదువుతూ నేను కూర మాడబెట్టాను. అలాంటి మనిషి ఒక్క రాత్రిలో వెళ్ళి ఆ పెద్దమనిషి కాళ్ళ దగ్గర ఎందుకు నిలబడింది? ఏం జరిగిందని? మీరు చెప్పలేదు. చెప్పలేదంటే మీకే తెలీదు. ఆ చాప్టరు మీరు రాసింది కాదండీ. మీ చేత ఎవరో రాయించారు."

నేను చేసిన పాపం నాకు అప్పుడు తెలిసింది. కుర్చీలో కూర్చుండిపోయాను.

నిర్మలగారు డబ్బా మూత పక్కన పెట్టారు. బ్యాగులోంచి కాగితం మళ్ళీ తీసి, మడతలు విప్పి, మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేశారు. పెన్ను మూత తీశారు.

"ఊఁ, చెప్పండి. ఇంకా?"

"ఇంకా అంటే... ఆ వరద చాప్టరు సాగదీశారండీ."

"మీరెప్పుడైనా కొల్లేటి వరదలో ఉన్నారాండీ?" అన్నారావిడ చటుక్కున. గొంతు మారిపోయింది. నలభై మంది పిల్లల్ని అదుపులో పెట్టిన గొంతు. "వరద సాగుతుందండీ. పొయ్యి మీదికి నీళ్ళొచ్చి, మంచం మీద మంచం వేసుకుని, ఎప్పుడు తీస్తుందా అని కూర్చుంటాం. చదివేవాళ్ళకి విసుగు పుట్టాలనే అలా రాశాను. అది మాత్రం ఒక్క ముక్క మార్చను."

"సరే, ఉంచుకోండి" అన్నాను. ఆవిడ అలా మీదికొచ్చేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

బాపిరాజుగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. "నిజం చెప్పెయ్యమంటారాండీ? నేను ఏ పుస్తకమూ ఆఖరిదాకా చదవను. వీళ్ళందరికీ తెలుసు. ఇది చదివానండీ. చదివాను కాబట్టే ఒళ్ళు మండింది. ఆవిడ దండం పెట్టిన చోట పుస్తకం మూసేసి, మా ఇంటావిడ మీద ఊరికే అరిచాను."

"మరి ఆ బడి పంతులికి నాంచారి అంటే ఇష్టం కదండీ మేడం" అంది నాగదుర్గ. "రోజూ రేవులో నిలబడి చూస్తాడు, ఒక్క మాటైనా చెప్పడేంటండీ? నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు."

"చెప్పడమ్మా. పిరికివాడు" అని నిర్మలగారు నవ్వారు. నవ్వుతూనే రాసుకున్నారు.

ఆ తర్వాత ఎవరు ఏమన్నారో వరసగా చెప్పలేను. అందరం ఒకేసారి మాట్లాడాం. జోగారావుగారు కూడా శాలువా కుర్చీలో పడేసి, ఊరి పెద్దకి మరీ అంత మంచి పెద్దమనసు ఎక్కడినుంచి వచ్చిందండీ అని నిలదీశారు. లంచ్ టైము ఎప్పుడో దాటిపోయింది. చీటీ డబ్బు కట్టడానికి పెదపాడు నుంచి వచ్చిన ఒక రైతు కౌంటర్ దగ్గర ఎవరూ లేక మా గదిలోకి తొంగిచూశాడు. కాసేపు విని, "గట్టు తెగ్గొట్టేస్తే పోయేది కదండీ" అని, తనూ ఒక చేగోడీ తీసుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

కాగితం నిండిపోయాక నిర్మలగారు పెన్ను పక్కన పెట్టారు.

"కుసుమగారు చెప్పింది నిజమేనండీ. ఆ చాప్టరు నేను మొదట అలా రాయలేదు. కాకపోతే ఎవరూ రాయించలేదు కూడా." సిల్వియా తలమీద చెయ్యి వేశారు. "ఇది అప్పుడు చంటిపిల్ల. నాకు లంకలో ఉద్యోగం. మా ఆయనకి వేరే ఊళ్ళో. ఊరి పెద్దాయన ఇంటినుంచి రోజూ పొద్దున్నే దీనికి పాలు వచ్చేవండీ. అడగలేదు, వాళ్ళే పంపేవారు. టీచరుగారి పాప అని. కథలో నేను రాసిన ఊరి పెద్ద నిజానికి ఆయన కాదు. కానీ చదివితే ఆయన తనే అనుకుంటారు. రాత్రి ఆఖరి చాప్టరు రాసుకుంటాను, తెల్లారేసరికి గుమ్మంలో పాలచెంబు. ఆ పాలు దీని నోట్లో పోస్తూ, నాంచారిని ఎలా నిలబెట్టనండీ? నిలబెట్టలేకపోయాను. మర్యాద కాదనిపించింది. దండం పెట్టించేశాను. ఆయన చదవనే లేదు, అది వేరే సంగతి."

సిల్వియా వాళ్ళమ్మ ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఈ మాట దానికీ తెలియదు. ఆ పాలు తాగింది అదే. వాళ్ళమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈ రెండోదానిలోనూ ఒక పెద్దమనిషి ఉన్నాడండీ" అన్నారు నిర్మలగారు. "నాలుగు చాప్టర్లుగా అతన్ని ఒక్క మాటా అనలేక తిప్పుతున్నాను. ఎందుకు కదలడం లేదో ఇప్పుడు తెలిసింది. పాలచెంబు ఇంకా నా గుమ్మంలోనే ఉందండీ."

"ముందు నాంచారి సంగతి చెప్పండి" అన్నారు బాపిరాజుగారు. "మొదట ఎలా రాశారు?"

"పెద్దలు పిలిపిస్తారు. తప్పు ఒప్పుకోమంటారు. నాంచారి ఏమీ మాట్లాడకుండా లేచి వచ్చేస్తుంది. తెల్లారి రేవులో దోనె పెట్టుకుని, ఎప్పటిలాగే పిల్లల్ని పేరుపేరునా కేకేస్తుంది. అక్కడిదాకా రాశానండీ."

"పిల్లలు వస్తారా?"

"తెలీదండీ. రాస్తేగానీ తెలీదు."

గుమ్మంలో రైతు చేగోడీ నమలడం ఆపేశాడు. అందరం ఆ రేవులోనే ఉన్నాం, ఏ గుమ్మం తలుపు తెరుచుకుంటుందా అని చూస్తూ.

జోగారావుగారే ముందు తేరుకున్నారు. ఫోర్‌మన్ కదా, ఒక చీటీ ముగిశాక కొత్తది మొదలుపెట్టకపోతే ఆయనకి నిద్ర పట్టదు. "సరేనండీ. ఈ గ్రూపు ఇవాళ్టితో పూర్తయింది. వచ్చే నెల కొత్త చీటీ. మొదటి పాట ఇప్పుడే పాడేసుకుందాం. ఎవరు?"

"నేను పాడవచ్చాండీ?" అన్నారు నిర్మలగారు.

మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. "స్టాఫ్ కాదు కదండీ మరి" అంది నాగదుర్గ మొహమాటంగా.

"బయటివాళ్ళు చేరకపోతే మన కంపెనీ ఎప్పుడో మూసేసేవారమ్మా" అన్నారు జోగారావుగారు. "పాడండి మేడం. ఎన్ని పేజీలు?"

"మొత్తం పుస్తకం. నెలకి రెండు చాప్టర్లు తెచ్చి, నేనే చదివి వినిపిస్తాను. నాంచారిని రేవులో వదిలేసి ఇంకో కథ రాయలేనండీ. ముందు ఆవిడ ఆఖరి చాప్టరు, తర్వాత ఆ నాలుగింటిని సరిచేసి మిగతావి."

పుస్తకం మొత్తం ఎవరూ ఎప్పుడూ పాడలేదు. ఎదురు పాట లేదు. జోగారావుగారు మొత్తం పుస్తకం అని మూడుసార్లు కేకేసి బల్ల చరిచారు. తర్వాత ఇబ్బందిగా కదిలారు. "మేడం, రూలు రూలే కదండీ. మొదటి చీటీకి పూచీ ఇద్దరు కావాలి. పైగా ఇది ఇంకా రాయని పుస్తకం. దీనికి ఎవరు..."

"ఒకటి నాది" అన్నారు బాపిరాజుగారు. "ఆఖరిదాకా వింటాను. పిల్లలు వచ్చారో లేదో తెలియాలి నాకు."

సిల్వియా నోరు తెరవబోయింది. ఇంట్లోవాళ్ళ పూచీ చెల్లదని దానికే బాగా తెలుసు, రోజూ ఆ కాగితాలు చూసేది అదే. మిగిలినవాళ్ళు నాగదుర్గా, నేనూ. నాగదుర్గ నా వైపు చూసింది. అందరూ నా వైపే చూశారు, వెంటనే తప్పు చేసినట్టు చూపు తిప్పుకున్నారు. నా సంగతి తెలిసినవాళ్ళే కదా.

నేను లేచాను. "రెండోది నాది."

జోగారావుగారు కుర్చీలో కూలబడ్డారు, శాలువా మీదే.

మా ఆచారం ప్రకారం పుస్తకం మీద చెయ్యి వేయాలి. ఆ పుస్తకం ఇంకా లేదు. చాచిన చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక నేను అలాగే నిలబడితే, నిర్మలగారు చేగోడీల నూనె అంటిన చేతిని కొంగుకి తుడుచుకుని నా చేతిలో వేశారు.

"పూచీ నాది" అన్నాను.

"బాగోకపోతే చెబుతారు కదండీ?"

"బజ్జీలు తెచ్చి మరీ చెబుతానండీ."